క్షవరం తర్వాత వివరం

హలో... ఆఁ, హలో, వినబడుతోందా? నేనేనండీ. అంతా కులాసాయేనా? పొయ్యి మీద పాలుంటే ముందు దించి రండి, నేను లైన్లోనే ఉంటాను. దించారా? సరే. ఇవాళ నా గొడవ చెప్పుకోను. ఒక మనిషి సంగతి చెప్తాను. మధ్యలో అడ్డు పడకండి, ఎక్కడిదాకా వచ్చానో మరిచిపోతాను. ఇక వినండి.

ఆ వీధిలో ఆయన్ని అందరూ గుండన్న అనే పిలిచేవారు. వీధి వీధంతటి జుట్టూ కత్తిరించే మనిషికి తన నెత్తిన ఒక్క వెంట్రుక లేదు. "నా తలతో నాకు పని లేదు కాబట్టే మీ తలల మీద ఇంత శ్రద్ధ" అని ఎదుటివాళ్ళు అనకముందే తానే అనేసేవాడు.

సెలూన్ అంటే పదడుగుల గది. గోడంతా అద్దం. అద్దం ముందు రెండు కుర్చీలు. ఒకటి పాత చెక్క కుర్చీ. ఇరవై ఏడేళ్ళుగా జనం మోచేతులు ఆనించి ఆనించి దాని చేతులు సబ్బుబిళ్ళలా అరిగాయి. రెండోది నల్లగా నిగనిగలాడే కొత్త కుర్చీ. కాలితో మీట నొక్కితే పైకి లేస్తుంది, ఇంకో మీట నొక్కితే వెనక్కి వాలుతుంది. కొని రెండేళ్ళు కావస్తున్నా దాని చేతుల మీది ప్లాస్టిక్ తొడుగు గుండన్న ఇంకా తీయలేదు. అద్దానికి కుడివైపు మూల, దువ్వెనల పైన, బ్యాంకు వాళ్ళ ఉత్తరం ఒకటి అతికించి ఉండేది. క్రెడిట్ కార్డు ఇచ్చిన రోజున వచ్చిన ఉత్తరం. 'గౌరవనీయులైన' అన్న మాటతో మొదలవుతుంది. గుండన్నని అంతకు ముందు ఎవరూ కాగితం మీద అలా పిలవలేదు.

బుధవారం పొద్దున కూరల బండి పెద్దాయనకి ఎడమ చెంప గీస్తుండగా ఫోను మోగింది. చేతికి నురగ ఉంది. మోచేత్తో మీట నొక్కి స్పీకరు పెట్టాడు.

"గుడ్ మార్నింగ్ సర్. మీరు ఇరవై రెండు నెలలుగా ఒక్క రోజు కూడా ఆలస్యం లేకుండా కట్టారు సర్. మీలాంటి కస్టమర్ ఉండటం మాకు గర్వం సర్. అందుకని మీ కార్డు లిమిట్ లక్షన్నరకి పెంచుతున్నాం." అమ్మాయి గొంతు. కొత్తగా విప్పిన దుప్పటిలా ఒక్క మడత లేదు.

గుండన్న కత్తి గాల్లోనే ఆపి నిలబడ్డాడు. "మళ్ళీ ఒకసారి చెప్పమ్మా" అన్నాడు. వినపడక కాదు. బెంచీ మీద కూచున్న ఇద్దరికీ సరిగ్గా వినపడలేదేమోనని.

అమ్మాయి మళ్ళీ చెప్పింది. గుండన్న ఆ రోజు దుకాణంలో ఉన్నవాళ్ళందరికీ టీలు తెప్పించాడు. కూరల బండాయన సగం గీసిన మొహంతోనే టీ తాగి, "నాకైతే పది రూపాయలు అరువడిగినా ఎవడూ ఇవ్వడు. నీకు లక్షన్నర పిలిచి ఇస్తున్నారంటే నువ్వు మామూలోడివి కాదు గుండన్నా" అన్నాడు.

"మాట తప్పకపోవడమే పెద్ద ఆస్తి బాబాయ్. ఒకటో తారీఖు వచ్చిందంటే ముందు మినిమం కట్టేస్తా. తరవాతే ఇంట్లోకి బియ్యం."

మధ్యాహ్నం ఎదురుగా ఉన్న ఫ్రిజ్‌లూ ఏసీలూ అమ్మే కొట్టుకి వెళ్ళొచ్చాడు. వీధి చివర కొత్తగా పెట్టిన సెలూన్‌లో ఏసీ ఉంది. దాని ఓనరుని అందరూ ఏసీ తమ్ముడు అంటారు. ఆ సెలూన్ వచ్చినప్పటి నుంచి గుండన్నకి ఫ్యాను చప్పుడు ఎక్కువైనట్టు అనిపిస్తోంది. కొట్టువాడు, "శనివారం పొద్దున బిగించేస్తాం. కార్డు గీకితే చాలు, చేతిలోంచి కానీ తీయక్కర్లేదు" అన్నాడు. గోడ మీద అది ఎక్కడ రావాలో గుండన్న అప్పుడే సుద్దముక్కతో గీత గీసుకున్నాడు.

గురువారం పదకొండింటికి కొత్త కుర్చీలో లెక్కల మాస్టారు వాలి ఉన్నాడు. రిటైరై ఎనిమిదేళ్ళయినా రోజు విడిచి రోజు గడ్డం గీయించుకోవాల్సిందే. గుండన్న ఆయన మొహానికి నురగ పట్టించి, అది నానేలోపు పాత కుర్చీలో ఉన్న కాలేజీ పిల్లవాడి దగ్గరికి వచ్చాడు. పిల్లవాడి జుట్టు భుజాలు దాటింది.

"అంకుల్, చివర్లు మాత్రమే. పొడుగు తగ్గిందో, మా వాళ్ళంతా నవ్వుతారు."

"నాకు తెలుసు బాబూ." గుండన్న జుట్టు మీద నీళ్ళు చిమ్మాడు. రెండు వేళ్ళ మధ్య పాయ పట్టి, వేళ్ళు కిందికి జార్చి, అంగుళంలో సగం దగ్గర ఆపి, కత్తెర ఆడించాడు. "చివర్లు కత్తిరిస్తే జుట్టు తగ్గిపోతుందనుకుంటారు అందరూ. తగ్గదు. నెలనెలా చివర్లు తీయించుకుంటూ ఉండు, ఇంకా దిట్టంగా పెరుగుతుంది. వేరు జోలికి పోనంతవరకూ దానికి ఢోకా లేదు."

పక్క కుర్చీలో నురగ కదిలింది. లోపల్నించి నవ్వు వచ్చింది.

"ఏం మాస్టారూ?"

"ఏం లేదు. నిన్న నీ మినిమం సంగతి కూరల బండాయన చెప్పాడు. నీ బాకీ కూడా అలాగే పెరుగుతోందేమోనని."

"నా బాకీయా? నెలనెలా కడుతున్నా కదండీ. ఒక్క నెల తప్పితే అడగండి."

"ఏం కడుతున్నావ్?"

"మినిమం. కాగితం మీద వాళ్ళే రాస్తారు, ఇంత కడితే చాలని."

"చాలని రాస్తారా, కనీసం అని రాస్తారా?"

గుండన్న కత్తెర ఆగింది. "రెండూ ఒకటే కదండీ?"

"ఆ కాగితం ఇలా తే."

అద్దం వెనక సందులో నుంచి ఆ నెల బిల్లు తీసి ఇచ్చాడు. మాస్టారు కుర్చీ నిటారుగా చేయించుకుని, మెడ చుట్టూ గుడ్డతోనే, నురగ మొహంతోనే కళ్ళజోడు పెట్టుకున్నాడు. కళ్ళజోడుకి నురగ అంటింది. జేబులోంచి పెన్సిలు తీసి బిల్లు వెనక రాయడం మొదలుపెట్టాడు.

"ఎంత వాడావ్ మొదట?"

"అరవై వేలు. ఈ కుర్చీకీ, అద్దానికీ."

"తర్వాత?"

"బ్లేళ్ళూ పౌడరూ అవీ... నెలకి ఓ ఏడొందలు దాని మీదే గీకుతా. మనదే కదా కార్డు."

"ఇప్పటిదాకా కట్టింది?"

గుండన్న దగ్గర రసీదులన్నీ వరసగా తీగకి గుచ్చి ఉన్నాయి. అవి చూపించడం ఆయనకి ఇష్టం. మాస్టారు ఒక్కొక్కటీ తిప్పుతూ కూడాడు. కూడి, కింద గీత గీసి, ఆ గీత మీదే మళ్ళీ ఇంకోసారి పెన్సిలు నడిపాడు.

"అరవై అయిదు వేలు కట్టావయ్యా."

"చూశారా! అంటే అయిపోవచ్చినట్టేగా."

"ఇంకా యాభై అయిదు వేల అయిదొందలు ఉంది."

పాత కుర్చీలో కాలేజీ పిల్లవాడు అద్దంలో నుంచి ఇద్దరినీ చూస్తున్నాడు.

"నువ్వు కట్టే ప్రతి మూడు వేలల్లోనూ రెండు వేల పైన వడ్డీకే పోయింది. మిగిలిన కాస్త తగ్గేలోపు నీ బ్లేళ్ళు మళ్ళీ నింపేశాయి. కనీసం అంటే, ఇంతకన్నా తక్కువ కడితే ఊరుకోం అని. ఇంత కడితే తీరిపోతుందని కాదు." మాస్టారు కళ్ళజోడు తీశాడు. "క్షవరమైతే గానీ వివరం తెలియదంటారు. ఇరవై రెండు నెలలుగా చేస్తున్నారయ్యా నీకు. నీకున్న జుట్టుకి!"

మాస్టారు నవ్వబోయి, గుండన్న మొహం చూసి మానేశాడు. మాస్టారి చెంపల మీద నురగ ఎండి, మన్నులా బీటలు వారింది. ఇరవై ఏడేళ్ళలో గుండన్న ఎవరి మొహం మీదా నురగ ఎండనివ్వలేదు.

"క్షమించండి మాస్టారూ" అని మళ్ళీ బ్రష్షు తడిపాడు. బ్లేడు సగానికి విరిచి కత్తిలో బిగించాడు. ఎడం చేతి రెండు వేళ్ళతో చర్మం సాగదీసి పైనించి కిందికి గీశాడు. ఒక్క గాటు పడలేదు. దవడ కింద మలుపు దగ్గర మాత్రం మామూలు కన్నా ఎక్కువ సేపు ఆగాడు. పటిక రుద్ది, తువ్వాలు అద్ది, ఎప్పటిలా "అద్దం చూసుకోండి" అనడం మరిచిపోయాడు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి భార్య వాకిట్లో కూచుని పాదాలకి నూనె రాసుకుంటోంది. ఆవిడ ఒక హాస్టల్ వంటశాలలో పని చేస్తుంది. రెండొందల ముప్పై మందికి రోజూ మూడు పూటలా సరుకులు కొలిచి ఇచ్చేది ఆవిడే. అక్కడ ఆవిడ పేరు కొలతక్క. కూతురు లోపల నర్సింగ్ పుస్తకాలు ముందేసుకుని ఉంది.

గుండన్న చెప్పులు విప్పకుండానే చెప్పాడు. దాచుకోవడం ఆయనకి చేతకాదు. అయినా మెట్టు మీద నిలబడి, వీధివైపు చూస్తూ చెప్పాడు.

కొలతక్క అరవలేదు. నూనె చేతిని చీర కుచ్చెళ్ళకి తుడుచుకుంది. "అరవై అయిదు వేలా?" అంది.

"ఆఁ."

"నువ్వు మోసపోలేదు కదా, ఎవడూ ఎత్తుకుపోలేదు కదా?"

"లేదే. నా చేత్తో నేనే కట్టాను. చిరునవ్వుతో కట్టాను."

"నేను కూడా ప్రతి నెలా 'కట్టావా' అని అడిగి మరీ పంపించాను కదయ్యా" అంది ఆవిడ. "ఎంత తగ్గిందని ఒక్కసారి అడగలేదు. తప్పు ఇద్దరిదీ. లోపలికి రా, చెప్పులు విప్పు."

కూతురు ఫోనులో లెక్క కట్టింది. "నాన్నా, ఇలాగే మినిమం కడుతూ పోతే, నా చదువయిపోయి, నేను ఉద్యోగంలో చేరి, నాకు నెత్తి నెరిసినా నువ్వు కడుతూనే ఉంటావు. అప్పుడు నాకు రంగు వెయ్యడానికి కూడా దాని మీదే గీకుతావు."

"నవ్వకే."

"నవ్వట్లేదు నాన్నా. లెక్క చెప్తున్నా."

కొలతక్క వంటింట్లోకి వెళ్ళి బియ్యం డబ్బాలోంచి కొలత గ్లాసు తీసుకొచ్చి చాప మధ్యలో పెట్టింది. "నాకు అంకెలు రావు. ఇది వచ్చు. హాస్టల్లో నెలాఖరికి సరుకు తక్కువ పడితే ఏం చేస్తామో తెలుసా? అందరికీ సగం సగం పెట్టం. ఏది వృథా పోతుందో చూసి అది ఆపేస్తాం. ఎవరి ఆకలీ ఆపం. రెండొందల ముప్పై మందికి సరిపెట్టేదాన్ని, ముగ్గురికి సరిపెట్టలేనా?"

"ఎంత కావాలే నెలకి?"

"ముందు పెద్ద ముద్ద సంగతి చూడు. చిన్న మెతుకులు తర్వాత ఏరుకుందాం." ఆవిడ గ్లాసుని చాప మీద బోర్లించింది. "కుర్చీ అమ్మేద్దాం."

గుండన్న లేచాడు. లేచినవాడు ఎక్కడికి వెళ్ళాలో తెలియక నీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళి, నీళ్ళు ముంచుకుని, తాగకుండా పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ కుర్చీ చూసే జనం వస్తున్నారే."

"కుర్చీ వచ్చాక కొత్తగా ఎంతమంది వచ్చారు?"

అబద్ధం చెప్పాలనే నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి నిజమే వచ్చింది. "ముగ్గురు... అందులో ఒకాయన బదిలీ అయి వెళ్ళిపోయాడు."

"ఆ కుర్చీ నీకు అన్నం పెడుతోందా, నువ్వే కుర్చీకి అన్నం పెడుతున్నావా?"

కూతురు తల దించుకుంది. గుండన్న నీళ్ళు తాగాడు.

తర్వాత మెతుకులు ఏరారు. కొలతక్క బస్సు మానేసి నడుస్తానంది, రోజుకి ఇరవై మిగులుతుందని. "రోజంతా నిలబడే కాళ్ళు, నడవటానికి వీల్లేదు" అన్నాడు గుండన్న. "అయితే నువ్వు సాయంత్రం తినే చిరుతిండి తీసెయ్" అంది. తీసేశాడు. అది ఇరవై. దుకాణంలో జనానికి ఊరికే పోయించే టీలు నలభై. అక్కడ గుండన్న కాసేపు మొరాయించాడు. టీ పోయకపోతే మర్యాద కాదన్నాడు. "కుండలో చల్లటి నీళ్ళు పెట్టు. దాహంతో వచ్చినోడికి అదే మర్యాద" అంది ఆవిడ. దుకాణంలోకి తెప్పించే సినిమా పత్రిక పది. మొత్తం రోజుకి డెబ్బై.

"నెలకి రెండు వేల వంద" అంది కూతురు. "ఇన్నాళ్ళూ కట్టే మినిమం దీనికి కలిపితే, బ్లేళ్ళు చేతి డబ్బుతోనే కొన్నా, నెలకి నాలుగు వేలు పడుతుంది."

"మరి కార్డు?" అన్నాడు గుండన్న. "ఏసీ వాడు శనివారం వస్తానన్నాడు."

ఇద్దరూ ఆయన వైపు చూశారు. ఏసీ సంగతి ఆయన అప్పటిదాకా చెప్పలేదు.

"వస్తే రానీ" అంది కొలతక్క. "కుండలో నీళ్ళిచ్చి పంపించు."

శుక్రవారం గుండన్న ఏసీ తమ్ముణ్ణి తానే పిలిపించాడు. ఇంకెవరికి అమ్మినా కుర్చీ ఊరు దాటిపోతుంది. వీడికైతే వీధి చివరిదాకా వెళ్ళి చూసుకోవచ్చు. అదొక ఆశ.

ఏసీ తమ్ముడు సెంటు వాసనతో సహా లోపలికి వచ్చాడు. "ఏంటి గుండన్నా, కుర్చీ దిగిపోతున్నావంట? ఎలక్షన్లు లేకుండానే?"

"దిగట్లేదు తమ్ముడూ. పాత కుర్చీలో మళ్ళీ గెలిచా."

తమ్ముడు కుర్చీ చుట్టూ తిరిగాడు. మీట తన్ని చూశాడు. చేతుల మీది తొడుగు గిల్లాడు. "రెండేళ్ళది. పాతది కిందే లెక్క. ముప్పై ఇస్తా."

గుండన్న బేరం ఆడలేదు. కొత్త గుడ్డ తీసి దులిపాడు. "ముందు కూచో."

"గడ్డం పొద్దున్నే గీసుకున్నా అన్నా."

"సరిగ్గా గీసుకోలేదు. దవడ కింద గరుకు కనబడుతోంది. ఊరికేలే, కూచో."

తమ్ముడు కూచున్నాడు. గుండన్న కాలితో మీట నొక్కాడు. కుర్చీ చప్పుడు లేకుండా పైకి లేచింది. ఇంకో మీట. నీళ్ళలో పడవ వంగినట్టు వెనక్కి వాలింది. వేడినీళ్ళలో ముంచి పిండిన తువ్వాలు మొహం మీద పరిచి, చెవుల దగ్గర అంచులు మడిచాడు. నురగ నెమ్మదిగా, గుండ్రంగా పట్టించాడు. రెండేళ్ళుగా ఈ కుర్చీ వల్ల తన నడుము ఎంత తక్కువ వంగిందో ఆయనకి ఇప్పుడే తెలిసింది. రేపట్నించి మళ్ళీ వంగాలి. ఆ సంగతి కత్తికి తెలియనివ్వలేదు. గొంతు ముడి దగ్గర కత్తి ఒక్క విసురులో జారింది. తమ్ముడు కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి సన్నగా గురక మొదలైంది.

గుండన్న పని ముగించి, పటిక రుద్ది, భుజం తట్టాడు.

తమ్ముడు ఉలిక్కిపడి లేచాడు. చెంప తడుముకున్నాడు. దవడ కింద తడుముకున్నాడు. "నేను కుర్చీలో నిద్రపోయి ఎన్నేళ్ళయిందో" అన్నాడు. అని, తన నోటి మాటే తనకి నష్టమని తెలిసి నాలిక కరుచుకున్నాడు.

"నీ కస్టమర్లు కూడా పోతారు" అన్నాడు గుండన్న. "నలభై రెండు."

"అన్నా!"

"ఒక్క గీత లేదు. తొడుగు కూడా తీయలేదు. సరే, నలభై."

"ముప్పై ఆరు."

"ముప్పై ఎనిమిది. మీట బిగువు తగ్గితే ఎప్పుడైనా నేనే వచ్చి చూస్తా, కూలి అడగను."

తమ్ముడు నోట్లు లెక్కపెట్టి ఇస్తూ ఆగాడు. "నిజం చెప్పన్నా. ఇది ఎందుకు అమ్ముతున్నావ్? నన్ను కంగారు పెట్టడానికా, ఇంకో పెద్దది తెస్తున్నావా?"

"మినిమం కడుతూ కొన్నా తమ్ముడూ దీన్ని."

ఏసీ తమ్ముడి చెయ్యి తెలియకుండానే జేబులో పర్సు మీదికి వెళ్ళింది. ఆ తర్వాత జోకులు వేయలేదు. కూలీలిద్దరు కుర్చీ మోసుకెళ్తుంటే గుండన్న వీధిలోకి వచ్చి, "గుమ్మం దగ్గర పక్కకి తిప్పండి, చక్రం తగులుతుంది" అని రెండుసార్లు చెప్పాడు. అది మలుపు తిరిగేదాకా నిలబడి, తిరిగి వచ్చి, నేల మీద దాని అచ్చు పడిన చోట గుడ్డతో తుడిచాడు. సుద్దముక్కతో ఏసీకని గీసిన గీత కూడా అదే గుడ్డతో తుడిచేశాడు. ఎదురుకొట్టుకి వెళ్ళి, "ఏసీ వద్దయ్యా. కోపం తెచ్చుకోకు. జుట్టు కత్తిరించుకోవాలంటే రా, రేటు మామూలే" అని చెప్పొచ్చాడు.

శనివారం పొద్దున బ్యాంకు తెరవగానే ముప్పై ఎనిమిది వేలూ కట్టేశాడు. కౌంటరులో ఉన్నాయన చలానా చూసి, "ఇంత ఎందుకండీ, మినిమం రెండు వేల ఏడొందల డెబ్బై అయిదే కదా?" అన్నాడు. చెడ్డ మనిషేం కాదు. రోజూ అందరితో అనే మాటే అన్నాడు.

"చివర్లు కత్తిరించడం మానేశానండీ" అన్నాడు గుండన్న. కౌంటరాయన అర్థం కానట్టు చూసి ముద్ర వేశాడు.

ఆ రోజు దుకాణం నిండింది. శనివారం కదా. ఒక్క కుర్చీ వల్ల బెంచీ మీద అయిదుగురు. మూల మట్టికుండ, దాని మీద స్టీలు గ్లాసు. లెక్కల మాస్టారు చెక్క కుర్చీలో కూచుని, అరిగిన చేతుల మీద అరచేతులు రాస్తూ, "ఇందులో కూచుంటేనే నాకు వయసు తగ్గినట్టుంది" అన్నాడు. అది నిజం కాదు, ఆయన మెడ పట్టేసింది. ఆ అబద్ధానికి గుండన్న ఆయనకి రెండు నిమిషాలు ఎక్కువ తల మర్దన చేశాడు.

పన్నెండింటికి ఫోను మోగింది. అదే గొంతు. ఒక్క మడత లేదు.

"సర్, మీ పెరిగిన లిమిట్ ఇంకా వాడుకోలేదు సర్. ఈ వారం వాడితే మీకు..."

"అమ్మా, ఆ లిమిట్ తగ్గించెయ్. ఎంత బాకీ ఉందో అంతకి తెచ్చెయ్. ఇవాళ ముప్పై ఎనిమిది కట్టా. ఇంకో అయిదు నెలల్లో మిగతాది కట్టేసి కార్డు మూయించేస్తా."

"సర్, మీరు మా గోల్డ్ కస్టమర్ సర్. మినిమం కడితే సరిపోతుంది కదా సర్."

"నేనూ అలాగే అనుకున్నానమ్మా. బ్యాంకువాళ్ళకి సరిపోతుంది, మనకి సరిపోదు. నేను జుట్టు కత్తిరించేవాణ్ణి. చివర్లు తీస్తే జుట్టు ఇంకా దిట్టంగా పెరుగుతుందని రోజూ జనానికి చెప్తా. నా బాకీ గురించి నాకే తెలియలేదు."

అటువైపు కీబోర్డు టకటకలు ఆగి మళ్ళీ మొదలయ్యాయి. తర్వాత, "మీ రిక్వెస్ట్ నమోదు చేశాం సర్. ధన్యవాదాలు సర్" అని లైను తెగిపోయింది.

ఒంటిగంట దాటాక కొలతక్క హాస్టల్ నుంచి నేరుగా అన్నం క్యారేజీ పట్టుకుని వచ్చింది. గుండన్న చేతులు కడుక్కుంటుంటే మళ్ళీ ఫోను. తెలియని నంబరు.

"అంకుల్..." అదే గొంతు. కానీ ఇప్పుడు బాగా నలిగి ఉంది. వెనక బస్సుల మోత. "ఇందాక మాట్లాడిన అమ్మాయినండీ. ఇది నా సొంత ఫోను. ఆఫీసు ఫోనులో మాటలన్నీ రికార్డవుతాయి. మీ నంబరు రాసుకోవడం తప్పే అంకుల్. కోప్పడకండి."

"కోపమెందుకు తల్లీ. చెప్పు."

"మినిమం కట్టొద్దంటే... మరి ఏం కట్టాలి అంకుల్?"

గుండన్న తడి చేతుల్తోనే బెంచీ మీద కూచున్నాడు. "నీకూ ఉందా?"

"ఎనభై వేలు. మూడేళ్ళ నుంచి కడుతున్నా. ఒక్క నెల కూడా ఆలస్యం చేయలేదు." ఆ ఆఖరి మాటలో గర్వం ఉంది. బుధవారం దాకా ఆయన గొంతులో ఉన్న గర్వమే. "రోజుకి నూటయాభై మందికి మినిమం చాలని చెప్తా అంకుల్. చెప్పీ చెప్పీ నేనూ నమ్మేశా."

"నీకు ఆ కార్డు ఎవరిచ్చారమ్మా?"

"మా ఆఫీసే. చేరిన రోజు అందరికీ ఇచ్చారు. స్వీట్ పెట్టెతో పాటు."

గుండన్న కళ్ళు అద్దం మూల ఉన్న ఉత్తరం మీదికి వెళ్ళాయి. ఇన్ని రోజులూ ఆ పొగిడే గొంతు ఎక్కడో చల్లటి గదిలో, మెత్తటి కుర్చీలో కూచుని ఉంటుందనుకున్నాడు. అదీ మెడకి గుడ్డ కట్టించుకుని తనలాగే తల వంచి కూచుందని అనుకోలేదు.

"ఏడవకు తల్లీ. నీది నాకన్నా చిన్న వయసు. జుట్టుకి ఢోకా లేదు" అన్నాడు.

అటువైపు ఏడుపులో నవ్వు కలిసింది. గుండన్న ఫోను భార్యకి అందించాడు. "నాకు కత్తిరించడమే వచ్చు. కొలవడం ఈవిడకి వచ్చు. మాట్లాడు."

కొలతక్క క్యారేజీ పక్కన పెట్టి, ఫోను చెవికి ఆనించుకుని, గట్టిగా, అవతల బస్సుల మోత మీదుగా వినపడేట్టు అడిగింది.

"ఏమ్మా, ముందు అన్నం తిన్నావా? సరే. మీ ఇంట్లో కొలత గ్లాసు ఉందా?"

అద్దం మూల ఉత్తరాన్ని గుండన్న ఆ రోజు చింపలేదు. తీసి, దాని వెనక తెల్లగా ఉన్న వైపున, మాస్టారి పెన్సిలుతోనే అయిదు గళ్ళు గీసి, మళ్ళీ అక్కడే అతికించాడు. ఒక్కో ఒకటో తారీఖుకి ఒక్కో గడి నల్లబడింది. నాలుగో గడి నాడు నడుం నొప్పితో రెండు రోజులు దుకాణం మూశాడు, అయినా గడి తప్పలేదు. అయిదో గడి నిండిన రోజున బాకీ ఏమీ లేదని బ్యాంకుచేత రాయించుకున్న కాగితం ఆ పక్కనే చేరింది. అందులో 'గౌరవనీయులైన' అన్న మాట లేదు. గుండన్న ఆ సంగతి గమనించనేలేదు. వీధి చివరికి నడిచి, తాను అమ్మిన కుర్చీ మీట బిగువు సరిగ్గా ఉందో లేదో చూసి వచ్చాడు.

అదండీ సంగతి. ఆయన్ని తలుచుకుంటే నాకు చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఇక ఫోను పెట్టేస్తాను, మీకూ పనులుంటాయి. ఒక్క మాట. మీకు తెలిసినవాళ్ళలో 'ఈ నెల మినిమం కట్టేశాలే' అని గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోయే మనిషి ఒక్కరైనా ఉంటారు. ఈ కథ ముందు వాళ్ళకి పంపండి. అది మీరే అయితే, ఇంట్లోవాళ్ళకి పైకి చదివి వినిపించండి. ఉంటాను మరి.